పేరుకు వదిలిన చోటు

పాత సున్నం గీకాలి. పగుళ్ళకు పుట్టీ పెట్టాలి. తెల్ల రంగు రెండు పూతలు వేయాలి. సుద్దపొడి అద్దిన దారం లాగి గీతలు కొట్టాలి. నల్ల అక్షరాలు రాయాలి. ఆఖరున ఎర్ర రంగుతో పేరు రాయాలి. అన్నీ చీకటి పడేలోగా అయిపోవాలి.

వీటితో పాటు సందులోవాళ్ళ చేత తిట్లు తినాలి. ఆ పని పెయింటరు అనుకున్నవాటిలో లేదు. కానీ అన్నిటికంటే ముందు మొదలైంది అదే.

"ఒట్టు పెట్టించింది నువ్వే. తీసి గట్టు మీద పెట్టేదీ నువ్వేనా బావా?" అన్నాడు బావమరిది, నిచ్చెన పట్టుకుంటూనే.

ఒట్టు సంగతి నిజమే. సందు మధ్యలో మురుగుకాలవ నోరు తెరుచుకుని ఉంది. దానికి మూత వేయిస్తానని నాయకుడు మూడు ఎన్నికల్లో, మూడు పార్టీల తరఫున, మూడు సార్లు మాట ఇచ్చాడు. మూత రాలేదు. కిందటి వానాకాలం దాటాక సందు మొత్తం కూర్చుని ఒట్టు పెట్టుకుంది, ఈసారి ఏ నాయకుడి పేరూ మన గోడలెక్కకూడదని. ముందుగా చెయ్యి చాపినవాడు పెయింటరే. ఇప్పుడు అదే చెయ్యి సొంత ఇంటి గోడ మీద బ్రష్షు ఆడిస్తోంది. మాట పోతే ఈ సందులో తలెత్తుకు తిరగలేడు. అది అతనికీ తెలుసు.

మొదటి వరస పూర్తయింది: 'పిలిస్తే పలికారు.'

ఎదురింటి టైలరక్క మిషను ఆపి బయటికొచ్చింది.

"ఎవరు పిలిస్తే? నేను ఇరవై సార్లు ఫోను చేశాను. 'మీరు ఫోన్ చేసిన వ్యక్తి స్పందించడం లేదు' అని ఒక పిల్ల మాత్రం ప్రతిసారీ పలికింది. ఓటంటూ వేస్తే ఆ పిల్లకే వేస్తా."

రెండో వరస: 'రోజూ మన గుమ్మం ముందుకు వచ్చారు.'

"కళ్ళు పోతాయి తమ్ముడూ, ఇంత అబద్ధం రాస్తే!" అంది టైలరక్క.

పెయింటరు బ్రష్షు మళ్ళీ నల్ల రంగులో ముంచాడు. అక్షరం వంపు చెడకుండా ఊపిరి బిగబట్టాడు.

మూడో వరస: 'పార్టీ మారలేదు.'

బావమరిది నిచ్చెన వదిలేసి మరీ నవ్వాడు. "పోయినసారి 'పార్టీ మారడు' అని రాశావు. రంగు ఆరకముందే ఆయన మారాడు. నువ్వు పోయి ఒక్క దీర్ఘం తగిలించి వచ్చావు. ఈసారీ కాస్త చోటు వదిలి రాయి బావా."

"వదిలాను," అన్నాడు పెయింటరు. గోడ కింది సగం ఖాళీగా ఉంది. "పేరుకు."

మధ్యాహ్నానికి కబురు చేరాల్సిన చోటికి చేరింది. నాయకుడి ఏజెంటు బండి దిగాడు.

"శెభాష్ పెయింటరూ! అందరూ మా ముఖాన తలుపులేసుకుంటుంటే నువ్వొక్కడివి గోడ ఇచ్చావు. అదీ మేం అడక్కుండానే!"

అప్పుడే నాలుగో వరస పూర్తయింది: 'మన కోసం ప్రాణమిచ్చారు.'

ఏజెంటు తల పక్కకు వంచి చదివాడు. "'ఇచ్చారు' ఏంటయ్యా? 'ఇస్తారు' అనాలి. అన్న ఇంకా ఇవ్వలేదుగా."

"'ఇస్తారు' అని రాస్తే ఎవరూ నమ్మడం లేదండీ."

ఏజెంటు ఆలోచించాడు. "అదీ నిజమేలే. ఉండనీ. ఇచ్చేసినట్టుంటేనే బరువుగా ఉంది. ఆ మూత కూడా వేసేసినట్టు రాయొచ్చేమో చూడు."

సాయంత్రం నాయకుడే వచ్చాడు. ఇద్దరు మనుషులు చెరో చెయ్యి పట్టుకుని ఆయన్ని మురుగుకాలవ దాటించారు. దాటాక వెనక్కి తిరిగి, దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"అరెరే, దీనికి మూత లేదా? గెలవగానే నా మొదటి సంతకం దీని మీదే!"

సందులో ఒక్కరి చప్పట్లయినా మోగలేదు. టైలరక్క మూతి తిప్పుకుంది.

నాయకుడు గోడ చదివాడు. వరస వరసకూ ముఖం వెలిగింది. నాలుగో వరస దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు, కెమెరా ఉన్నవైపు తిరిగి.

"పేరేదయ్యా?"

"ఎర్ర రంగు ఆఖరునండీ. నల్లది ఆరాలి కదా. ఇప్పుడే ఆరింది."

"అయితే ఇప్పుడే రాసెయ్. నేను పక్కనే నిలబడతా. లైవ్ పెట్టండ్రా!"

ఆయన గోడకు వీపు పెట్టి, జనానికి నమస్కారం పెట్టి, ముఖాన నవ్వు పెట్టి నిలబడ్డాడు. ఫోను పట్టుకున్నవాడు ఆ నవ్వు తప్పిపోకుండా చూసుకోవడంలో మునిగిపోయాడు. ఏజెంటు పక్క సందువాళ్ళకు ఫోను చేసి, "చూసి నేర్చుకోండయ్యా," అంటున్నాడు.

"తమ్ముడూ, వద్దు," అంది టైలరక్క. ఈసారి తిట్టలేదు. బతిమాలింది.

బావమరిది ఎర్ర డబ్బా వీపు వెనక దాచుకున్నాడు. "రాశావంటే రేపటి నుంచి నీకూ నాకూ మాటల్లేవు బావా."

"చదివి అప్పుడు మానెయ్," అని డబ్బా లాక్కుని పెయింటరు గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

బ్రష్షు కదిలింది. ముందు టైలరక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత బావమరిది తలపాగా తీసేశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే అరుగుల మీంచి లేచి, సందు సందంతా చేతులు జోడించింది.

ఆ దండాలు తనకే అనుకుని నాయకుడు ఇంకాస్త నవ్వాడు. ఆయన పక్కనే, లైవ్‌లో ఊరందరికీ కనబడేట్టు, ఎర్ర అక్షరాలు తడితడిగా మెరుస్తున్నాయి: 'కిందటి వానాకాలం మనకు నీళ్ళు వదలడానికి వస్తూ, ఈ మూత లేని కాలవలో పడి చనిపోయిన మన కుళాయి మామ. ఓటు వేసే ముందు ఈయన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి.'