తోక కరుచుకున్న తల్లి

తొలకరి కురిసిన పొద్దున్నే ముంగిస పిల్ల గిలకకు ఒక నత్త దొరికింది. దాని మొట్టమొదటి వేట! ఆత్రంగా కొరికింది, పళ్లు జారాయి. దొర్లించింది, మీదెక్కి గెంతింది. గుల్ల చెక్కుచెదరలేదు.

"పిల్ల ఆకలితో నకనకలాడుతుంటే చూస్తూ కూర్చున్నావేమే? నువ్వే కొరికి ఇవ్వరాదూ!" అని పెద్దమ్మ ముంగిస తల్లిని కసిరింది.

తల్లి మాత్రం నోరు తెరిస్తే ఎక్కడ కొరకాలో చెప్పేస్తానన్న భయంతో తన తోకను తానే కరుచుకుని కూర్చుంది.

గిలకకు ఉక్రోషం వచ్చింది. నత్తను ముందుకాళ్లతో పట్టుకుని, వెనకకాళ్ల సందులోంచి వెనక్కి విసిరికొట్టింది. అది బండకు తగిలి ఫట్‌మని పగిలింది!

"అమ్మా! పగిలింది! నేనే పగలగొట్టాను!" గిలక గిరగిరా తిరిగింది. తల్లి తోక వదిలేసి దాంతోపాటు గంతులేసింది.

పెద్దమ్మ నోరెళ్లబెట్టింది. "ఇన్నేళ్లూ కొరికి కొరికి పళ్లు అరగదీసుకున్నానే! ఎలా విసిరావో చెప్పవే తల్లీ!"

గిలక పరుగున వెళ్లి ఇంకో నత్తను తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టింది. తర్వాత ఎదురుగా చతికిలబడి, తన బుల్లి తోకను గట్టిగా కరుచుకుంది.