పూలుంటేనే పార్కు

మా వీధిలో పొద్దున ఐదు దాటితే దేవుడికి పువ్వు దొరకదు. ఎదురుగానే నిజాం జమానా నాటి పార్కు ఉంది. నిండా గులాబీలు, బంతులు, గన్నేర్లు. కానీ మనకంటే ముందే పెద్దమనుషులంతా జేబులో సంచి, చేతిలో గొడుగుతో వాకింగుకు వెళ్ళొస్తారు. ఎండాకాలంలోనూ గొడుగే. పైకొమ్మ అందాలి కదా.

అలాంటి పార్కుకు గండం వచ్చింది. పక్కన సినిమా హాలు లేచింది. వెనక లారీ ఆఫీసులు వెలిశాయి. ఈ జాగాలో కూడా దుకాణాలు కడితే పోలేదా అని ఎవరికో తోచింది. చూసి తేల్చడానికి హైదరాబాదు నుంచి ఆఫీసరు వస్తున్నాడు.

"పూలుంటెనే పార్కు. లేకుంటె ఖాళీ జాగ అని రాస్తడు," అన్నాడు మా వీధి కమిటీ ప్రెసిడెంటు బాపురావు. "రేపు ఎవ్వరింట్ల గూడ దేవునికి పువ్వు వెట్టొద్దు. ఒట్టెయ్యుండ్రి."

అందరం ఒట్టు వేశాం.

మర్నాడు చీకటితోనే వీధంతా పార్కులో హాజరు. మాలి నర్సన్నను బడి నుంచి కుర్చీలు తెమ్మని పంపాం. ఒక్కరంటే ఒక్కరు ఇంటికి ఒక్క రేకు తీసుకెళ్ళలేదు.

జీపు వచ్చింది. సర్కారు మనిషిని ఉత్త మెడతో రానివ్వడం మా వీధి మర్యాద కాదు. గేటు దగ్గరే మోకాళ్ళ దాకా దండ వేసి, చప్పట్లు కొట్టి లోపలికి తీసుకెళ్ళాం.

ఆయన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఆకులున్నాయి. ముళ్ళున్నాయి.

"పార్కన్నారు. ఒక్క పువ్వు లేదేం?"

బాపురావు గిర్రున మాలి వైపు తిరిగాడు. "ఏంరా నర్సన్నా, పూలన్ని యాడ అమ్ముకున్నవ్?"

"నాకేమెరుక సారూ! కుర్సీలకు మీరే తోలితిరి. నిన్న మాపటికి చెట్లు నిండుగున్నయి. పిల్లలున్నోన్ని, నౌకరి తియ్యకుండ్రి సారూ!"

ఆఫీసరు మా వైపు అనుమానంగా చూశాడు.

"దేవుని తోడు," అంది మా పక్కింటి శంకరమ్మ. "ఇయ్యాల మా ఇంట్ల దేవునికి ఉట్టి అగర్‌బత్తే!"

నిజమే. ఒట్టు ఎవరూ తప్పలేదు. అయినా అందరం నేల చూశాం.

"పువ్వు లేని పార్కు. దానికి మళ్ళీ ఒక మాలి," అని గొణుగుతూ ఆఫీసరు జేబులోంచి పెన్ను తీశాడు. నర్సన్న ఏడుస్తున్నాడు.

అయ్యా, అమ్మా, చదివేవాళ్ళు ఎవరైనా కాస్త ఉపాయం చెప్పండి: తెల్లారకముందే మేమంతా కలిసి పార్కంతా దులిపి, కోసి, కట్టి ఆయన మెడలో వేసిన ఆ దండను, ఆయన పెన్ను మూత తీసేలోగా మళ్ళీ మొక్కలకు ఎలా తగిలించాలి?