బేర్ ఇంటి చుట్టాలు

సిరిగేరి బడిలో ఇన్‌స్పెక్షన్‌కి ఇంకా ఒక్కరోజే ఉంది.

ఇంగ్లీషు మాస్టారు చెన్నకేశవరావు పిల్లలకు చేతులెత్తడం నేర్పిస్తున్నాడు.

"జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి, రానివాళ్ళు ఎడమచెయ్యి. ఎత్తడం మాత్రం అందరూ ఎత్తాలి. తెలిసిందా?"

అందరూ ఎత్తారు. నలభై మందిలో కుడిచేతులు మూడు.

మాస్టారు మరోసారి లెక్కపెట్టుకున్నాడు. గుడివాడ వైపు నుంచి వచ్చి, కొత్త కాలవ కింద సేద్యం మొదలుపెట్టిన ఇల్లు మాస్టారిది. అతని ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. ఇన్‌స్పెక్టరు మెచ్చుకుంటే ఖాయమవుతుంది. లేదంటే పంచె ఎగ్గట్టి అన్నల వెంట వరిమడిలో దిగాల్సిందే. పైగా ఆ పెద్దమనిషికో పిచ్చి ఉందని పక్క ఊరు హచ్చొళ్ళి బడి మాస్టారు ముందే హెచ్చరించాడు. మాటకు అర్థం చెబితే వదలడట, అది ఎక్కడ పుట్టిందో కూడా చెప్పమంటాడట.

"బేర్ అంటే?"

"ఎలుగుబంటి సార్!"

"క్రియరా నాయనా, క్రియ!"

కిటికీ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

మాస్టారు విసురుగా బయటికి వచ్చాడు. వసారాలో గోడకు ఆనుకుని ఆ ముసలాయన. నెలరోజులుగా రోజూ అక్కడే కూర్చుంటున్నాడు. ఆసుపత్రి ఆయా రూతమ్మ తండ్రి, పేరు సామ్యేలు, బళ్ళారి నుంచి వచ్చాడు. అంతకుమించి ఆయన గురించి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

"ఏం పెద్దాయనా, మా తిప్పలు మీకు నవ్వులాటగా ఉందా?"

"కోపం చేసుకోవద్దప్పా. ఎలుగుబంటికీ మీ క్రియమ్మకూ పేరు ఒగటే గానీ చుట్టరికం లేదు. మొయ్యడం ఈయమ్మ పని."

"అది నాకూ తెలుసు."

"పెద్దబిడ్డ బర్త్, పుట్టుక. కడుపులో మోసింది గదా! నడిపోడు బర్డెన్, మోత. కడగొట్టు బిడ్డ బియర్, మనిషిని ఆఖరికి మోసే పాడె. పుట్టుకా పాడే ఒగ తల్లి బిడ్డలేనప్పా."

చెన్నకేశవరావు కోపం ఎటు పోయిందో పోయింది.

"మన దేశంలో గూడా ఉండారు చుట్టాలు. భారం, భరించడం. ఎప్పుడో ఎనకటికి ఒగ ఇంట్లోనే పుట్టి, తలా ఒగ దేశం పట్టుకోని పోయినారు. లాటిన్ సీమలో పడిన అక్కకు ఇంగో బిడ్డ ఉండాది. ఒగ ఊరి నుంచి ఇంగో ఊరికి మోసుకోని పోయే ఆయమ్మ మీ అయ్యవార్లకు బాగా తెలుసు."

"ఎవరు?"

"ట్రాన్స్‌ఫరు."

మాస్టారు పకపకా నవ్వేశాడు. ఇన్‌స్పెక్షన్ కబురు వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

"ఇంత చదువు ఎక్కడండీ మీకు?" గొంతులోకి మర్యాద దానంతటదే వచ్చేసింది.

"బళ్ళారి మిషన్ ఇస్కూల్లో. ముప్పై ఏండ్లు."

ముప్పై ఏళ్ళ సర్వీసు! చెన్నకేశవరావు గబగబా కాగితం తెచ్చుకుని, చెప్పించుకుని మరీ రాసుకున్నాడు.

అంతా అయ్యాక ముసలాయన కాస్త మొహమాటపడ్డాడు.

"ఒగ మాట అయ్యవారూ. ఒగ పొద్దు నన్ను లోపలికి పిలుస్తారా? పిల్లోళ్ళ పక్కన కూచోని పాఠం వింటా."

"పిల్లల పక్కన ఏమిటండీ, కుర్చీ వేయిస్తాను! రేపొక్కటి గడవనీండి."

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పాఠంలోని బేర్ క్రియకు అర్థం అడగగానే నలభై చేతులూ లేచాయి. ఆయనా ఒకప్పుడు మాస్టారే కదా, ఏరి ఏరి ఎడమచేతులనే లేపాడు. లేచినవాళ్ళంతా బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారు.

"మీరైనా చెప్పండి మాస్టారూ. ఈ మాట పుట్టిల్లు ఎక్కడ?"

చెన్నకేశవరావు బేర్ ఇంటి చుట్టాలందరినీ వరసగా పిలిచాడు. ట్రాన్స్‌ఫరు దగ్గర ఇన్‌స్పెక్టరు నవ్వాడు. పాడె దగ్గర కలం పక్కన పెట్టేశాడు.

"ఇరవై ఏళ్ళలో ఇలాంటి పాఠం వినలేదండీ. ఎవరు చెప్పారు మీకు?"

కిటికీలోంచి ముసలాయన నెరిసిన తల కనిపిస్తోంది.

"నేనే... చదివి తెలుసుకున్నానండి."

వసారాలో సామ్యేలు ఆ మాట విన్నాడు. విని, సొంత కొడుకు పరీక్ష గట్టెక్కినట్టు సంబరంగా తల ఊపాడు.

ఆ ఊపిన తలే చెన్నకేశవరావును తినేసింది. ఉద్యోగం ఖాయమైంది గానీ ముసలాయన కళ్ళలోకి చూడడానికి మొహం చెల్లలేదు. వసారా తప్పించి వెనక గుమ్మం గుండా బడికి రావడం మొదలుపెట్టాడు. రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దాం అనుకుంటూ పది రోజులు లాగించాడు.

పదకొండో రోజు వసారా ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ ఖాళీయే.

ఇక ఉండబట్టలేకపోయాడు. పిల్లల ముందు నిజం ఒప్పుకోవాలని, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాలని గట్టిగా అనుకుని రూతమ్మ ఇంటికి వెళ్ళాడు.

"మా నాయన పోయి రెండు దినాలాయ అయ్యవారూ," అంది రూతమ్మ. "జరమొచ్చింది. ఒగ రాత్రిలోనే అయిపోయ."

మాస్టారు అరుగు మీద కూలబడ్డాడు.

"లోపలికి పిలుస్తానన్నానమ్మా. పిలవలేదు."

"హౌదు, నిజమే, నాతో చెప్పినాడు. మా అయ్యవారు కుర్చీ ఏపిస్తాడంట అని దినామూ ఉతికిన చొక్కానే ఏసుకోని వస్తాండె."

చెన్నకేశవరావుకు ఏడుపు ఆగలేదు. ఉత్తరీయంతో మొహం తుడుచుకుని అడిగాడు.

"అంతటి పండితుడు, మా పల్లెటూరి బళ్ళో కూర్చోవాలని ఎందుకు ముచ్చటపడ్డారమ్మా? ఆ మిషన్ స్కూల్లో ఆయన ఏ తరగతులకు పాఠం చెప్పేవారు?"

రూతమ్మ అర్థం కానట్టు చూసింది.

"పాఠం చెప్పేదేందప్పా? లోపల దొర చెప్తాంటే, ఆయప్పకు గాలి తగిలేదానికి మా నాయన ముప్పై ఏండ్లు గోడ బయట కూచోని పంకా తాడు లాగినాడు."