నలభై ఒకటో మెదడు

ప్రొఫెసర్ సిద్ధాంతాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే, కంచే చేను మేసింది.

మన మెదడులో చెత్త ఊడ్చే రక్షక కణాలుంటాయి. మైక్రోగ్లియా అంటారు వాటిని. మతిమరుపు జబ్బు అల్జైమర్స్‌లో ఆ కణాలే రెచ్చిపోయి, మంచి నాడీకణాల్ని కూడా నమిలేస్తాయని ఆయన పన్నెండేళ్లుగా ఊదరగొడుతున్నాడు. చనిపోయినవాళ్లు దానం చేసిన, పేర్లు దాచి అంకెలతో మాత్రమే ల్యాబుకు వచ్చిన నలభై మెదళ్లు ఆయన మాటకు తలూపాయి.

నలభై ఒకటోది అడ్డం తిరిగింది.

"సార్, దీన్ని ఒకసారి చూడండి," అంది టెక్నీషియన్. మెదడు ముక్కల్ని పల్చటి పొరలుగా కోసి గాజుపలకల మీద పరవడం ఆమె ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని.

ప్రొఫెసర్ మైక్రోస్కోపులోకి తొంగిచూశాడు. అల్జైమర్స్‌లో మెదడులో పేరుకునే జబ్బు ముద్దలు కావలసినన్ని ఉన్నాయి. కానీ ఒక్కో ముద్ద చుట్టూ రక్షక కణాలు దడి కట్టినట్టు నిలబడ్డాయి. పక్కనున్న నాడీకణాల మీద ఈగ కూడా వాలలేదు.

"ఈవిడకి మతి ఏపాటి పోయింది?"

"అసలు పోలేదు సార్. తొంభై దాటినా, చివరిరోజు దాకా అన్నీ గుర్తేనట."

"ఎవరన్నారు?"

"కొడుకు రాసిచ్చాడు సార్. పేరు సీలేసిన కవర్లో ఉంది. మనం చూడకూడదు కదా."

ప్రొఫెసర్ పగలబడి నవ్వాడు.

"కొడుకుల సంగతి నాకు తెలీదా! నెలకోసారి ఫోన్ చేసి 'బాగున్నావా అమ్మా' అంటారు. ఆవిడ 'బాగున్నా' అంటుంది. అంతే, జ్ఞాపకశక్తి అమోఘం అని రాసిపారేస్తారు. లెక్కలోంచి తీసెయ్ దీన్ని."

"కొందరిలో ఈ కణాలు నిజంగానే కాపాడుతున్నాయేమో సార్."

"ఎల్లుండి సదస్సు పెట్టుకుని ఇప్పుడు 'ఏమో' ఏంటమ్మా?"

"తీసెయ్యాలంటే కారణం రాయాలి. ఏం రాయమంటారు?"

"కొడుకు అబద్ధాలకోరు అని రాయి."

"అలా రాసి నేను సంతకం పెట్టలేను సార్."

ఇరవై ఏళ్లలో ఆమె ఎదురు చెప్పడం అదే మొదటిసారి. పక్క బల్ల దగ్గర పరిశోధక విద్యార్థిని, ఏమీ విననట్టు ఖాళీ సీసా కడగడం మొదలుపెట్టింది. ప్రొఫెసర్ చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, సీలు తీసెయ్. పూచీ నాది. ఆ సత్యహరిశ్చంద్రుడికి ఇప్పుడే, నా ఎదురుగానే ఫోన్ చెయ్. తల్లిని ఆఖరిసారి ఎప్పుడు చూశాడో అడుగు. నీళ్లు నమలకపోతే నా పేరు మార్చుకుంటా!"

టెక్నీషియన్ కవరు చింపింది. కాగితం చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

"ఏం, నంబరు లేదా?"

"ఉంది సార్."

"మరి ఆలస్యమెందుకు? చెయ్!"

ఆమె తలెత్తకుండా ఒక్కో అంకె నొక్కింది.

ప్రొఫెసర్ కోటు జేబులో ఫోన్ మోగింది.