చారల పూల దొంగ

శనివారం తీసిన ఫొటోలో నలభై ఒక్క పువ్వులున్నాయి. సోమవారం తీసిన ఫొటోలో ముప్ఫై ఎనిమిదే.

ఫ్రౌకే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిదే!

ఆ వంకాయ రంగు టులిప్‌లు ఆమె భర్త వౌటర్ పదహారేళ్ళు తంటాలుపడి పుట్టించిన రకం. పేరు పెట్టకుండానే పోయాడు మహానుభావుడు. వాటికి ఆయన పేరే పెట్టించాలని ఫ్రౌకే పట్టుదల.

"నాలుగు వసంతాల ఫొటోలు పంపండి, తర్వాత వచ్చి చూస్తాం," అన్నారు పూల సంఘంవాళ్ళు.

అందుకే చర్చికెళ్ళే ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే కెమెరాతో పెరట్లోకి దిగేది. రోటర్‌డామ్‌లో పుట్టి పెరిగిన పట్నం మనిషి. పూలంటే ప్రాణమేగానీ వాటి పెంపకంలో ఓనమాలు తెలీవు.

పోయిన మూడూ తెల్ల చారలు పడ్డవే. తోటలోకెల్లా అందమైనవి. దుంపలతో సహా మాయం!

"దొంగ ఎవడోగానీ రసికుడేనే ఫ్రౌకే," అంది పక్కింటి ట్రూస్. "చారల టులిప్ ఒక్కటిస్తే ఒకప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో మేడ రాసిచ్చేవాళ్ళట!"

"అది తాతల కాలం మాట. ఇప్పుడెవరిస్తారు?"

"మరెందుకు పట్టుకుపోయినట్టు?"

ఫ్రౌకేకి అదే బోధపడలేదు. పాత ఫొటోలు తీసి చూస్తే తికమక ఇంకా పెరిగింది. నిరుడు నాలుగు పోయాయి. అంతకుముందు ఐదు. ఎప్పుడూ చారలవే, ఎప్పుడూ ఆదివారమే.

పై ఆదివారం ఆమె చర్చికి బయల్దేరి, వీధి చివరి నుంచే సైకిలు వెనక్కి తిప్పింది.

పెరట్లో ఎవరో ముసలాయన! చెక్కబూట్లు, పక్కన బకెట్టు. వంగి చారల టులిప్‌ను దుంపతో సహా పెకలిస్తున్నాడు.

"ఏమయ్యా! ఏం చేస్తున్నావు?"

ఆయన ఉలిక్కిపడి టోపీ తీశాడు.

"ఇవి ఉండకూడదమ్మా."

"నా పెరట్లో ఏముండాలో చెప్పడానికి నువ్వెవరివి?"

"వీటిని వదిలేస్తే అన్నీ పోతాయి తల్లీ."

"బెదిరిస్తున్నావా? మా ఆయన ఉంటే ఈ గడప తొక్కేవాడివా? మొగుడు పోయినదాన్ననేగా!"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాడు.

"పోనీ, తీసినవైనా పట్టుకెళ్ళనీ అమ్మా," అని బతిమాలాడు.

ఫ్రౌకే బకెట్టు లాక్కుంది. ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు.

బకెట్లోవి మూడూ మళ్ళీ నాటి, గేటుకి తాళం వేసింది. అప్పటికిగానీ ఆమె మనసు కుదుటపడలేదు.

మరుసటి వసంతంలో తోట చూసి ఫ్రౌకే పొంగిపోయింది. సగానికి సగం చారలే! రోజంతా ఫొటోలు తీసి సంఘానికి పంపింది.

మూడోరోజుకే సంఘం పెద్దాయన వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆకులన్నీ తిరగేశాడు.

"ఎలా ఉన్నాయండీ?"

"ఇది తెగులమ్మా. ఆ చారలు తెగులు వల్ల వచ్చినవే. పేనుబంక ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటిస్తుంది. చారల్లేనివాటిని కూడా నమ్మడానికి లేదు. అన్నీ తవ్వి తగలబెట్టాల్సిందే."

"మరి... వౌటర్ పేరు?"

"రకమే మిగలనప్పుడు పేరు దేనికి పెడతామమ్మా?"

ఫ్రౌకే తోటగట్టు మీద కూలబడింది. పెద్దాయన ఆమె వంక అయోమయంగా చూశాడు.

"అయినా ఇంతదాకా ఎలా వచ్చింది? నిరుడు క్రైన్ రాలేదా?"

"ఏ క్రైన్?" అంది.

"తెగులు మొక్కలు ఏరే ముసలాయన. మా అందరి తోటల్నీ కాపాడింది ఆ కళ్ళే. మొన్న చలికాలంలో పోయాడు పాపం."

"నా పెరట్లోకి దొంగలా ఎందుకొచ్చాడండీ?"

"ఆదివారం గడ్డిపోచైనా తుంచని భక్తుడమ్మా ఆయన. కానీ 'మా ఆవిడకి చారలంటే ప్రాణం, పీకుతుంటే చూసి తట్టుకోలేదు, తను చర్చికెళ్ళినప్పుడు వచ్చి ఏరెయ్యరా' అని వౌటర్ ఆఖరి రోజుల్లో చెయ్యి పట్టుకుని అడిగితే, కాదనలేకపోయాడు."