గడియ లేని తలుపులు

సింకు కింద చచ్చిపడున్న బొద్దింకను కాగితంతో తీసి బయట పారేసి, ఆమె చేతులు రెండోసారి కడుక్కుంది.

"మీ అన్నయ్యగారికీ బొద్దింకలంటే హడలేనండీ," అన్నాడు హాల్లోంచి సైకాలజిస్టు. "చిన్నప్పుడు కొట్టుగదిలో బంధించినప్పుడు ఒంటిమీద పాకేవట. చెబుతూ ఏడ్చేశారు."

"ముక్కు చీదుకుంటూనా?" అంది, టీ తెచ్చి అతని ముందు పెడుతూ.

"అవునండీ. పాపం."

ఆమె అన్న తన భార్యను ఇంటి వెనక కొట్టుగదిలోకి నెట్టి, బయట గడియ పెట్టి, తాళం వేసుకుని ఊరెళ్లిపోయాడు. వాసన భరించలేక పక్కింటివాళ్లు తలుపు బద్దలుకొట్టేసరికి ఆవిడకు స్పృహ లేదు. ఇప్పుడు అన్న జైల్లో ఉన్నాడు. వదిన ఈ ఇంట్లోనే, లోపలి గదిలో, పట్టపగలు కూడా లైటు వేసుకుని పడుకుంటోంది. సైకాలజిస్టును పంపింది అన్న తరఫు వకీలు.

"చిన్నప్పుడు మనకు జరిగిందే పెద్దయ్యాక ఇంకొకరికి చేస్తాం," అన్నాడతను బిస్కెట్టు టీలో ముంచుతూ. "నేరం వెనక ఎప్పుడూ ఒక గాయం ఉంటుందండీ. రేపు కోర్టులో ఆయన బాల్యం గురించి మీరు చెబితే శిక్ష తగ్గుతుంది. వైద్యం చేయిస్తామని ఇంటికే పంపొచ్చు."

"ఏ ఇంటికి?"

"వాళ్లింటికేనండీ. భార్యాభర్తలిద్దరికీ కలిపి కౌన్సెలింగ్ ఇస్తాం."

లోపలి గదిలో గ్లాసు కిందపడిన చప్పుడైంది.

"ఒక్క మాట చెబితే నీ నోరేం అరిగిపోదుగా," అన్నాడు భర్త పేపరు వెనకనుంచి. "ఎంతైనా తోడబుట్టినవాడు."

బిస్కెట్టు విరిగి టీలో మునిగింది. సైకాలజిస్టు వేలితో ఆ ముద్దను తోడుకుని నోట్లో వేసుకుని, వేలు చప్పరించాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"చెయ్యి కడుక్కోవాలండీ," అంటూ అతను బాత్‌రూమ్‌కి వెళ్లి వెనక్కి తొంగిచూశాడు. "దీనికి గడియ లేదేంటి?"

"మా ఇంట్లో ఏ తలుపుకీ ఉండదు," నవ్వాడు భర్త. "లోపల ఉన్నంతసేపూ పాట పాడుకోవాలి. నా గొంతు విని ఎవరూ ఇటు రారు లెండి."

"ఓహో, లోపలున్నావిడ కోసం తీయించేశారా! మంచి పని చేశారు."

గడియ ఊడదీసిన చోట, మరమేకుల బొక్కల మీద పూసిన రంగు కూడా పాతబడి పెచ్చులూడుతోంది.

తిరిగొచ్చి కూర్చున్నాడు. "ఆయన చెప్పింది మీరొకసారి విని, నిజమో కాదో చెప్పండి. అమ్మా నాన్నా పనికెళ్లాక, బయట గడియ పడేది. లోపలంతా చీకటి."

"నిజమే."

"కిరసనాయిలు కంపు."

"కిరసనాయిలు కాదు. తడి గోనెసంచులు కుళ్లిన కంపు."

"చూశారా, మీకూ గుర్తుంది! నేలకి చెంప ఆనించి పడుకుంటే తలుపు కింద సందులోంచి రెండు కాళ్లు కనిపించేవట. ఆ తలుపు తన్నీ తన్నీ ఎడమకాలి బొటనవేలి గోరు ఊడిపోయింది. మళ్లీ మొలవలేదు. నాకు చూపించారు."

"అది తలుపు తన్నడం వల్లే పోయింది. అదీ నిజమే."

"మరి ఇంత తెలిసీ ఆయన మీద మీకు జాలి కలగదా?"

"అలాంటి గదిలో ఉన్నవాళ్లంతా పెద్దయ్యాక ఇంకొకర్ని గదిలో పెడతారా?"

"అందరూ కాదనుకోండి."

"పెట్టనివాళ్లతో ఎప్పుడైనా మాట్లాడారా?"

"వాళ్లు మాదాకా ఎందుకొస్తారండీ?" నవ్వేశాడు. పళ్ల సందున బిస్కెట్టు పిండి కనిపించింది.

ఆమె కప్పు తీసుకెళ్లి, అడుగున పేరుకున్న మడ్డిని సింకులో ఒంపి, చాలాసేపు నీళ్లు వదిలింది. లోపలి గదిలోకి తొంగిచూసింది. వదిన మంచంమీద లేచి కూర్చుని తనవైపే చూస్తోంది. వదినకేసి తల ఊపింది.

హాల్లోకొచ్చి, "రేపు వస్తాను. అంతా చెబుతాను," అంది.

భర్త పేపరు మడిచాడు. "హమ్మయ్య!"

"చాలా థాంక్సండీ," సైకాలజిస్టు లేచి తలుపు దగ్గరికి నడిచాడు. "ఇంకొక్కటే. ఆ కాళ్లు ఎవరివో ఆయన నోరు విప్పట్లేదు. పనిలోంచి మధ్యలో వచ్చిన మీ నాన్నగారివే అయ్యుంటాయి."

"నాన్న ఇంట్లో కూడా చెప్పులేసుకునే తిరిగేవాడు. అవి ఉత్త కాళ్లు. చిన్నవి."

"మీరు చూశారా?"

"రోజూ చూసేదాన్ని. నేలకి చెంప ఆనించి."

అతని చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

"ఎడమ బొటనవేలికి గోరు లేదు."