పడవ మీద తాత పేరు

“బ్రష్ అట్టుకుని బొమ్మలా నిలబడిపోనావేటే? రాయ్, మీ తాత పేరు!” అని కసిరింది తవిటమ్మ.

యారాడ ఒడ్డున కొత్త పడవ నీలం రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. వేట నిషేధం ఆ రోజుతో సరి. ఇన్నాళ్ళూ పరాయి పడవల్లో కూలికెళ్ళిన గణేష్ తెల్లారితే సొంత పడవ మీద సముద్రంలోకి దిగుతాడు. తండ్రి పేరు లేకుండా పడవ కదిలేది లేదని అతని పట్టు. ఆ పేరు తెలుగులో కాదు, చైనా అక్షరంలోనే ఉండాలని అతని తల్లి తవిటమ్మ పట్టు. రాయాల్సింది గణేష్ కూతురు దేవి. గాజువాకలో చైనా ఇంజనీర్లు దిగే హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తూ ఆర్నెల్లుగా ఆ భాష నేర్చుకుంటోంది మరి.

తవిటమ్మ ముంజేయి చాపింది. ముడతల మధ్య పచ్చబొట్టు. పెద్ద చదరంలో చిన్న చదరం: 回.

“ఓస్, ఇంతేనా! కేరమ్ బోర్డులాగుంది,” అన్నాడు గణేష్ బావమరిది నూకాలు. “దీనికి సదువుకున్న పిల్ల కావాలేటి బావా? నాను గీసెత్తాను.”

“నీ మొకం! మా అయ్య పేరు వంకర పోతే ఊరుకోను,” అన్నాడు గణేష్.

దేవి ఆ పచ్చబొట్టు వైపే చూసింది. తాత పేరు గురువులు. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని, చేతి మీదున్న ఇదే బొమ్మ చుట్టూ వేలు తిప్పేది. చుట్ట వాసనా వల వాసనా కలిసి ఒకటే తాత వాసన. వయసులో ఉన్నప్పుడు తుపానుకి కొట్టుకుపోతే, మన ఇనప ఖనిజం కోసం వస్తున్న చైనా ఓడ ఆయన్ని ఎక్కించుకుందట. గంజి పోసి బతికించిన వంటవాడే ఆ బొమ్మ సూదితో పొడిచాడట. ఒడ్డెక్కగానే తాత అదే బొమ్మ పెళ్ళాం చేతి మీదా పొడిపించాడు.

“నా సేతి మీద మీ మామ్మ పేరు, దాని సేతి మీద నా పేరు,” అనేవాడు.

“రెండూ ఒకలాగే ఉన్నాయి కదా తాతా?”

“సైనాలో మొగుడూ పెళ్ళాం ఒకటే అచ్చరమే!” అని పకపకా నవ్వేవాడు.

ఎంత హాయి రోజులవి! అప్పుడే ఒకసారి, వేటకి బయల్దేరుతున్న తాతని “మళ్ళీ ఎప్పుడొత్తావ్?” అని అడిగినందుకు మామ్మ చేత వీపు మీద తిన్న దెబ్బ కూడా దేవికి తీపిగానే గుర్తుంది. ఎన్ని తుపాన్లు చూశాడో ఆ మనిషి! చివరికి రెండేళ్ళ కింద నిద్రలో, మంచం మీదే పోయాడు మారాజు.

ఇప్పుడొచ్చిన చిక్కల్లా, ఆ అక్షరం పేరు కాదు. కిందటి నెలే నేర్చుకుంది దేవి. లియూ అని ఒక ముసలి ఇంజనీరు, పని దిగి గది తాళం అడిగేటప్పుడు రోజుకో అక్షరం కాగితం మీద రాసి చెప్పేవాడు. ఇది ‘హ్వే’. తిరిగి రావడం. ‘ఇల్లు’ పక్కన పెడితే ఇంటికి రావడం. ‘ఉత్తరం’ పక్కన పెడితే జవాబు రాయడం. ‘తల’ పక్కన పెడితే వెనక్కి తిరిగి చూడటం. మాది వేరే ఊరు కదమ్మా, రోజూ వాడే మాట ఇదే, అని నవ్వాడు కూడా.

ఈ సంగతి మామ్మకి ఎలా చెప్పడం? చేపల బజారులో ఎవరడిగినా “మా ఆయన పేరు” అని చెయ్యి చాపి మురిసిపోయిన మనిషి. మొగుడు పోయాక అందరూ చేరి గాజులు తీశారు, బొట్టు చెరిపారు. చేతి మీది పేరు ఒక్కటే ఎవరూ తీయలేకపోయారు. ఇప్పుడు దాన్ని తాను తీసెయ్యాలా?

“మామ్మా, తెలుగులో రాత్తే నలుగురూ సదువుతారు గదా?” అంది మెల్లగా.

“నలుగురితో పనేటే? నాకు తెలిత్తే సాల్దా?”

ఇక తప్పలేదు. లియూ నేర్పిన వరసలోనే రాసింది దేవి. ముందు బయటి గోడలు, తర్వాత లోపలి చదరం, ఆఖర్న కింద గీత పెట్టి మూసింది.

గణేష్ కళ్ళు చెమర్చాయి. “ఏటని రాసావమ్మా? గట్టిగా సదువు, ఇంటాను.”

నూకాలు దగ్గరికొచ్చాడు. తవిటమ్మ ఊపిరి బిగబట్టి మనవరాలి నోటికేసే చూస్తోంది. ఎదురుగా సముద్రం. దేవి గొంతు సవరించుకుంది.

“గురువులు,” అంది.

తవిటమ్మ ఊపిరి వదిలింది. గణేష్ పడవకి దణ్ణం పెట్టాడు. నూకాలు కొబ్బరికాయ కొట్టాడు.

ఆ సందట్లోనే తవిటమ్మ దేవి రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయి తలుపేసింది. బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

“అబద్దం ఎంత బాగా ఆడావే నా తల్లీ!”

“మామ్మా... నీకు తెలుసా?”

“తెలీకేటి? పొడిపించినప్పుడే మీ తాత సెవిలో సెప్పాడు.”

“మరి ‘తిరిగి రా’ అని సెప్పకుండా, ఇన్నేళ్ళూ పేరు, పేరు అని అందరికీ ఎందుకు సెప్పారు?”

తవిటమ్మ సముద్రం వైపున్న కిటికీ కూడా మూసి, గొంతు తగ్గించింది.

“ఏటకెల్లేవోడితో ఆ మాట అనకూడదు గదే, గంగమ్మ తల్లి వింటాది. అందుకే ఆ తల్లికి రాని బాసలో పొడిపించుకున్నాం.”